మారియో గోడలోకి ఎట్లా దూరాడు: పాత వీడియో గేముల తిక్క వెనుక ఉన్న లెక్క

గంటకింత అని పుచ్చుకుని టీవీ గేము ఆడించే షాపులు తొంభైల్లో కర్నూలు, అనంతపురం, కడప ఊళ్ళలో ఉండేవి. ఎండాకాలం సెలవుల్లో బెంచీ మీద వంతు కోసం కూర్చున్న పిల్లల మధ్య కొన్ని వాదాలు ఎన్నటికీ తెగేవి కావు. మారియోలో మైనస్ వన్ అనే వరల్డ్ ఉందని ఒకడంటే, అదంతా వాళ్ళన్న కోసిన కోత అని ఇంకొకడు. లైఫ్‌లు మరీ ఎక్కువైతే ఆట చెడిపోతుందని ఒక మాట. క్యాసెట్ తీసి ఊదితే బొమ్మ సరిపోతుందని ఇంకో మాట.

ఇప్పుడు ఆ వాదాలే మళ్ళీ లేచాయి. వందల గేములున్న చిన్న పెట్టెలు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి, పాత ఆటలన్నీ ఫోన్లో ఎమ్యులేటర్ మీద, అంటే పాత మెషీన్‌లా నటించే ప్రోగ్రామ్ మీద, నడుస్తున్నాయి. ఒకే ఆట ఒకరి దగ్గర ఒకలా, ఇంకొకరి దగ్గర ఇంకోలా కనబడుతోంది. ఏది ఆటలోని తప్పు, ఏది మెషీన్ శక్తి చాలకపోవడం, ఏది క్యాసెట్ చేసినవాడి చేతివాటం అనేది కలగాపులగమైంది. పిల్లలు చెప్పుకున్నవాటిలో చాలావరకు నిజాలే. అయితే వాటి కారణాలు ఒక్కచోట లేవు.

అన్నీ గ్లిచ్‌లు కావు

ఆట రాసినవాళ్ళు అనుకోనిది ఏదైనా ప్రోగ్రామ్ లెక్కలోంచి బయటపడితే అది గ్లిచ్. మైనస్ వరల్డ్ ఈ కోవలోది. మెషీన్ ఇంతకంటే చేయలేదు కాబట్టి కనబడేది పరిమితి. శత్రువులు ఎక్కువమంది ఒకే వరసలో చేరినప్పుడు బొమ్మలు మినుకుమినుకుమనడం అటువంటిది. ఆ సంగతి ఆట రాసినవాళ్ళకు తెలుసు, తెలిసే ఒప్పుకున్నారు. కాంట్రాలో పైన, పైన, కింద, కింద, ఎడమ, కుడి, ఎడమ, కుడి, బి, ఎ నొక్కితే 30 లైఫ్‌లు రావడం వీటిలో దేనికిందకీ రాదు. అది కావాలని పెట్టిన కోడ్. ఇక క్యాసెట్ మెనూలో ఒకే ఆట పది పేర్లతో ఉండి, ఒకదాంట్లో మూడో స్టేజీ నుంచి, ఇంకోదాంట్లో బోలెడు లైఫ్‌లతో మొదలైతే, అది నకలు చేసినవాళ్ళు ఆట మొదలయ్యే స్థితిని మార్చి చూపిన లెక్క. గేముల సంఖ్య పెంచడానికి అదొక తేలిక దారి.

వీటన్నిటికీ పక్కన మురికి పట్టిన పిన్నులు ఉండనే ఉన్నాయి. వాటి సంగతి తర్వాత.

ఒక బైట్‌లో ఎంత పడుతుంది

మన ఊళ్ళలో ఆడిన నల్ల పెట్టెల్లో చాలావరకు నింటెండో 1983లో జపాన్‌లో విడుదల చేసిన ఫ్యామికామ్‌కు నకళ్ళు. అది 8 బిట్ మెషీన్. పని చేసుకోవడానికి 2 కిలోబైట్ల మెమరీ, బొమ్మల అమరికకు ఇంకో 2 కిలోబైట్లు. తెర 256 చుక్కల వెడల్పు, 240 చుక్కల ఎత్తు. 1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ మొత్తం 40 కిలోబైట్లే: ప్రోగ్రామ్ 32, బొమ్మలు 8. ఇవాళ వాట్సాప్‌లో వచ్చే శుభోదయం ఫోటో ఒక్కటే దానికి రెండు మూడింతలు ఉంటుంది.

ఇంత ఇరుకులో ప్రతి అంకెనూ ఒక్క బైట్‌లో ఇరికించాలి. బైట్‌లో 0 నుంచి 255 వరకే పడుతుంది. పాత స్కూటర్ మీటరు చివరి అంకె దాటగానే సున్నాకు తిరిగినట్టు, 255కు ఒకటి కలిపితే 0 అవుతుంది. అదే బైట్‌ను ప్రోగ్రామ్ ప్లస్, మైనస్ అంకెగా చదివితే 128 నుంచి పైన ఉన్నవన్నీ మైనస్ కింద లెక్క.

బొమ్మల దగ్గరా ఇదే పొదుపు. తెర మీద కనబడేదంతా 8 చుక్కల చదరపు టైళ్ళతో కట్టిందే. ప్రతి టైల్‌కూ ఒక నంబరు. మారియో మొదటి స్టేజీలో ఆకాశంలోని మేఘమూ, నేల మీది పొదా ఒకే టైళ్ళు. రంగు ఒక్కటే వేరు. అక్షరాలూ అంకెలూ కూడా టైళ్ళే. 0 నుంచి 9 వరకు అంకెలు, 10 నుంచి 35 వరకు ఇంగ్లిష్ ఎ నుంచి జెడ్ దాకా, 36వ టైల్ ఖాళీ. ఈ వరస గుర్తుపెట్టుకుంటే ఇక ముందు వచ్చే రెండు చిక్కుముళ్ళు వాటంతటవే విడిపోతాయి.

మైనస్ వరల్డ్: లేని వరల్డ్‌కు దారి

వరల్డ్ 1-2 చివర బయటికి పోయే పైపు ఉంటుంది. అడ్డంగా పడుకున్న పైపు, దాన్ని ఆనుకుని పైకప్పు దాకా లేచిన నిలువు పైపు. పెద్ద మారియోతో ఆ అడ్డపైపు మీద నిలబడి, నెత్తిమీది ఇటుకల్లో నిలువు పైపును ఆనుకున్న ఒక్కదాన్ని వదిలి పక్కవాటిని పగలగొట్టాలి. పైపు ఎడమ అంచుకు వచ్చి, ఎడమవైపు ముఖం పెట్టి, వంగి ఎగిరి, గాల్లో కుడివైపు నొక్కాలి. సరిగ్గా పడితే మారియో మిగిలిన ఇటుక మూలకు తగిలి ఆగడు. మెత్తగా గోడలోంచి జారుకుంటూ కుడివైపున్న వార్ప్ జోన్‌లో, అంటే వేరే వరల్డ్‌లకు ఒక్కసారిగా దాటించే పైపుల గదిలో, తేలతాడు.

గోడ ఎందుకు ఆపలేదు? మారియో ఒంటిని మొత్తం గోడతో పోల్చి చూసే తీరిక ఆ ప్రోగ్రామ్‌కు లేదు. తల, పాదాలు, రెండు పక్కలు, ఇట్లా కొన్ని చుక్కల దగ్గర మాత్రమే చూస్తుంది. మూల దగ్గర కోణం కుదిరితే, ఆ చుక్కలేవీ సరైన క్రమంలో తగలకుండానే ఒళ్ళు కొంత లోపలికి పోతుంది. లోపలికి పోయాక, గోడలో ఇరుక్కున్నవాణ్ణి బయటికి నెట్టే భాగం పనిలోకి దిగుతుంది. అది ఒక్కో ఫ్రేముకు, అంటే తెర మీద బొమ్మ కొత్తగా పడిన ప్రతిసారీ, కొంచెం కొంచెంగా నెడుతుంది, కానీ వచ్చిన దారి వైపు కాదు, అవతలి వైపు. మారియో గోడను చీల్చలేదు. గోడే వాణ్ణి మోసుకుపోయి అవతల దించింది.

ఇక్కడి దాకా సగమే. వార్ప్ జోన్‌లోని మూడు పైపులు మామూలుగా 4, 3, 2 వరల్డ్‌లకు పోతాయి. ఆ అంకెలు పట్టికలో మూడేసి చొప్పున ఉన్నాయి: మొదటి వరస 4, 3, 2, రెండోది 36, 5, 36, మూడోది 8, 7, 6. రెండో వరస 4-2లో ఒకే పైపు ఉన్న వార్ప్ జోన్ కోసం పెట్టింది. అక్కడ మధ్యలో తప్ప పైపులు లేవు కాబట్టి పక్కన ఏ అంకె ఉన్నా ఫరవాలేదనుకుని, తెర మీద ఖాళీగా కనబడాలని 36 పెట్టారు. 36 అంటే ఖాళీ టైల్ కదా.

మారియో పైకప్పు మీదుగా మామూలు దారిలో వస్తే, తెర జరిగేకొద్దీ స్వాగత వాక్యం పడి, మొదటి వరస వాడాలన్న గుర్తు నమోదవుతుంది. గోడలోంచి దూరి వచ్చి, తెర ఇంకా ముందుకు జరగక ముందే మొదటి పైపులో దిగితే ఆ గుర్తు పడి ఉండదు. ప్రోగ్రామ్ రెండో వరస తీస్తుంది. ఎడమ పైపుకు 36 వస్తుంది. అదే తీరులో మధ్య పైపులో దిగగలిగితే 5-1కి పోతారు. ఈ ఒక్క సంగతితోనే అసలు కారణం పట్టికేనని రుజువవుతుంది.

తెర మీద 36-1 అని రాయాలి. ముప్పై ఆరో టైల్ ఖాళీ, కాబట్టి గీత, ఒకటి మాత్రమే కనబడతాయి. పిల్లలు దాన్ని మైనస్ వన్ అని చదివారు. అందులో మైనస్ ఏమీ లేదు, ముందున్న అంకె కనబడలేదంతే.

ఆటలో ఉన్నవి ఎనిమిది వరల్డ్‌లే. ముప్పై ఆరోదాని వివరం కోసం ప్రోగ్రామ్ పట్టిక అంచు దాటి, ఇంకో పనికి పెట్టిన అంకెలను చదువుతుంది. అక్కడ దొరికింది 7-2లో చూసే నీటి స్టేజీ నంబరు. కాబట్టి ఆడదగిన స్టేజీయే వస్తుంది. చివరి పైపులో దూరితే మాత్రం మళ్ళీ మొదటికే. ఏ వరల్డ్‌లో ఉంటే ఆ పైపు ఎక్కడికి పంపాలో స్టేజీలో రాసి ఉంటుంది. 36కు ఏ రాతా లేదు, అందుకే పాత చిరునామాకే తిరిగి పంపుతుంది. టైమ్ అయిపోయేదాకా ఈదుతూనే ఉండాలి.

"మా అన్న మైనస్ త్రీ దాకా పోయినాడు" అన్నవాణ్ణి కూడా వెంటనే కొట్టిపారేయలేం. జపాన్‌లో ఇదే ఆట 1986లో డిస్క్ మీద కూడా వచ్చింది. డిస్క్‌లో సమాచారం అమరిక వేరు కాబట్టి పట్టిక దాటిన చోట దొరికే అంకెలూ వేరు. అందులో -1, -2, -3 అని మూడు స్టేజీలు వస్తాయి, మూడోది గెలిస్తే ఆట ముగిసినట్టే. నీళ్ళలో తేలే రాకుమారి బొమ్మ కనబడేది అందులోనే. ఒకే తప్పుకు రెండు ఫలితాలు. కాకపోతే మామూలు మారియో క్యాసెట్‌తో ఆ మైనస్ త్రీకి పోయే దారి లేదు.

కిరీటం, అక్షరాలు, అర్ధాంతరంగా గేమ్ ఓవర్

3-1 చివరి మెట్ల మీద తాబేలు చిప్పను వరసగా తొక్కి లైఫ్‌లు పోగుచేయడం తెలియనివాళ్ళు తక్కువ. లైఫ్‌లు పది చేరగానే ముందు కిరీటం బొమ్మ వస్తుంది. ఇరవైకి చేరితే అంకెల చోట అక్షరాలూ, ఇంకా పోతే పిచ్చి బొమ్మలూ వస్తాయి. క్యాసెట్ చెడిపోయిందని భయపడేవాళ్ళు. నిజానికి ప్రోగ్రామ్ చేసేది చాలా చిన్న పని: లైఫ్‌లు 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే ఒక్కసారి 10 తీసేసి, కిరీటం పెట్టి, మిగిలిన నంబరున్న టైల్‌ను చూపిస్తుంది. 15 ఉంటే కిరీటం, 5. 20 ఉంటే కిరీటం, పదో టైల్. పదో టైల్ ఎ అక్షరం. ముప్పై, నలభై లైఫ్‌లు ఎవరైనా పోగేస్తారని అనుకోలేదు కాబోలు.

అసలు ప్రమాదం 128 దగ్గరుంది. మారియో చచ్చినప్పుడు ప్రోగ్రామ్ ఒక లైఫ్ తగ్గించి, మిగిలిన అంకె మైనస్ అయిందా అని చూస్తుంది. మైనస్ అయితే గేమ్ ఓవర్. మిగిలిన లెక్క 128 గానీ ఆ పైన గానీ ఉంటే బైట్ చదివే పద్ధతిలో అది మైనసే. ఆ హద్దు దాటి లైఫ్‌లున్నవాడు ఒక్కసారి గుంటలో పడితే ఆట ముగుస్తుంది. లైఫ్‌లు ఎక్కువైతే ఆట చెడిపోతుందన్న పిల్లల మాటలో ఇంత నిజముంది.

ఇదే బైట్ తిక్క 1981 నాటి డాంకీ కాంగ్‌లో, నాణెం వేసి ఆడే పెద్ద మెషీన్‌లో ఇంకా స్పష్టంగా కనబడుతుంది. ఆ ఆటలో బోనస్ టైమర్ సూత్రం: లెవెల్‌ను 10తో గుణించి 40 కలపాలి, 80 దాటితే 80 దగ్గర ఆపాలి, వచ్చినదానికి రెండు సున్నాలు చేర్చాలి. మొదటి లెవెల్‌కు 50, అంటే 5000. నాలుగు నుంచి పైన అన్నిటికీ 8000. ఇరవై ఒకటో లెవెల్‌కు 250, ఇంకా బైట్‌లో పడుతుంది, 80 దగ్గర ఆగుతుంది. ఇరవై రెండుకు 260. బైట్‌లో పట్టదు, 256 పోయి 4 మిగులుతుంది. నాలుగు ఎనభై కంటే తక్కువే కాబట్టి ఆపేవాడు లేడు. టైమర్ 400తో మొదలై, కొన్ని సెకన్లలో అయిపోయి, మనిషి నిలబడ్డచోటే చస్తాడు. ఎంత ఆటగాడైనా అక్కడితో సరి.

ఒక మారియోకు రెండు లెక్కలు

చిన్న మారియో నిప్పు విసరడం అబద్ధమనుకుంటారు. కాదు. మారియో పెద్దవాడా చిన్నవాడా అన్నది ఆట రెండు చోట్ల రాసుకుంటుంది: బొమ్మ ఎంత పెద్దగా వేయాలన్నది ఒకచోట, వాడికున్న శక్తి ఎంతన్నది ఇంకోచోట. ఎప్పుడూ రెండూ కలిసే మారాలి. కోట చివర పెద్ద మారియో అక్కడి పెద్ద శత్రువు బౌజర్‌ను, స్టేజీ ముగించే గొడ్డలిని ఒకేసారి తాకితే శక్తి పోతుంది. కానీ గొడ్డలి తాకగానే స్టేజీ ముగిసిపోవడంతో, కుంచించుకుపోయే పని జరగదు. తర్వాతి స్టేజీలో చూడ్డానికి పెద్దవాడు, శక్తికి చిన్నవాడు. తాబేలు తగిలితే చస్తాడు. పుట్టగొడుగు తింటే శక్తి పెరుగుతుంది, బొమ్మ మాత్రం తిరగబడి చిన్నదవుతుంది. దాని మీద పువ్వు దొరికితే చిన్న మారియో నిప్పు విసురుతాడు, విసిరిన క్షణం పెద్ద బొమ్మ మెరిసి పోతుంది.

1987 నాటి మెగా మ్యాన్‌లో సెలెక్ట్ నొక్కి ఆపడం, వదలడం చేస్తూ ఒకే దెబ్బతో శత్రువును పదేపదే కొట్టగలగడమూ ఈ జాతిదే. ఆట ఆగుతుంది గానీ, దెబ్బ తగిలాక శత్రువుకు కాసేపుండే రక్షణ గడియారం ఆగదు.

మినుకులు, అంచున తప్పుడు రంగులు

కదిలే బొమ్మలను స్ప్రైట్‌లంటారు. ఫ్యామికామ్ తెర మీద ఒకేసారి 64 స్ప్రైట్‌లు ఉండొచ్చు, కానీ ఒక అడ్డగీతలో 8కి మించి గీయలేదు. ఒక్కోటి 8 చుక్కల వెడల్పే కాబట్టి రెండు స్ప్రైట్‌ల వెడల్పున్న మనుషులు నలుగురు ఒకే వరసలో నిలబడితే కోటా అయిపోయినట్టే. అయిదోవాడు మాయం. అట్లా ఒకడే పూర్తిగా మాయమైతే ఆడేవాడికి అన్యాయం కాబట్టి, చాలా ఆటలు ప్రతి ఫ్రేములో స్ప్రైట్‌ల వరస మారుస్తాయి. ఈ ఫ్రేములో ఒకడు, వచ్చే ఫ్రేములో ఇంకొకడు మాయం. మనకు కనబడే మినుకు అదే.

సూపర్ మారియో 3లో పరుగెత్తేటప్పుడు తెర కుడి అంచున రంగులు తప్పుగా వచ్చి సర్దుకోవడం ఇంకో రకం. ఆ ఆట పైకీ కిందికీ కూడా జరగాలి. ఉన్న 2 కిలోబైట్లను నిలువుగా ఒకదాని మీద ఒకటిగా వాడుకున్నారు. దాంతో అడ్డంగా తెర వెడల్పుకు మించి చోటు మిగల్లేదు. కొత్త నిలువు వరసను కళ్ళ ముందే వేయాలి. టైళ్ళు 8 చుక్కలవి, రంగులు మాత్రం 16 చుక్కల చదరానికి ఒక్కటే. అందువల్ల అంచున కొత్త బొమ్మకు పాత రంగు, పాత బొమ్మకు కొత్త రంగు పడుతుంది. మన పాత ఒనిడా, వీడియోకాన్ డబ్బా టీవీలు తెర అంచులను కొంత చట్రం కింద దాచేసేవి కాబట్టి అది అంతగా కనబడలేదు. ఇప్పటి ఎల్‌ఈడీ టీవీలు చాలావరకు అట్లా దాచవు. కొత్త పెట్టె పాడైందని వాపసు పంపేముందు ఈ సంగతి చూసుకోవాలి.

మన నల్ల పెట్టెల సొంత గుణాలు

జపాన్ టీవీ సెకనుకు 60 ఫ్రేములు వేస్తే మన పాల్ (PAL అనే ప్రసార పద్ధతి) టీవీ 50 వేస్తుంది. ఆట ఫ్రేములను లెక్కబెట్టుకుని నడుస్తుంది కాబట్టి, 50 ఫ్రేముల టీవీ కోసం చేసిన పెట్టెల్లో మారియో దాదాపు ఆరో వంతు నెమ్మది. ఎమ్యులేటర్‌లో అదే ఆట "ఫాస్ట్‌గా" అనిపించడానికి కారణం ఇదే: చిన్నప్పుడు ఆడిందే నెమ్మది. నకలు పెట్టెల్లో చాలావాటిలో ప్రాసెసర్ వేగం జపాన్‌దానికి దగ్గరగానే ఉంచారు. కాబట్టి పాట లయ తగ్గుతుందే గానీ శ్రుతి పెద్దగా మారదు. కొన్ని నకలు చిప్పుల్లో శబ్దపు తరంగాల రకాలు రెండు తారుమారై, పాట కాస్త బొంగురుగానో కీచుగానో వినబడేది.

క్యాసెట్ ఊదడం సంగతి. అందులో ప్రోగ్రామ్‌కు ఒక తీగల కట్ట, బొమ్మలకు వేరే కట్ట. బొమ్మల పిన్నులకు మురికి పడితే ఆట నడుస్తుంది, పాట వస్తుంది, బొమ్మలు మాత్రం చిత్తు. ప్రోగ్రామ్ పిన్నులకు పడితే రంగు తెర తప్ప ఏమీ రాదు. మారియోలో ఒక మెలిక ఉంది: పైన స్కోరు పట్టీని కదలకుండా ఉంచడానికి, అందులోని నాణెం దగ్గర ఒక స్ప్రైట్ వెనుక బొమ్మకు తగిలేదాకా ప్రోగ్రామ్ కాచుకుంటుంది. బొమ్మల సమాచారమే రాకపోతే ఆ తగలడం జరగదు, ఆట అక్కడే బిగుసుకుపోతుంది. ఊదినప్పుడు పనిచేసేది ఎక్కువగా క్యాసెట్ తీసి మళ్ళీ పెట్టడమే. నోటి తేమ పిన్నులకు తుప్పు తెస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన దూది పుల్లతో తుడిచి, ఆరబెట్టి పెట్టడం మేలు. అనంతపురం దుమ్ముకు ఇది మరీ అవసరం.

కరెంటు ఆపకుండా క్యాసెట్ మార్చి మారియోలో కొత్త వరల్డ్‌లు తెచ్చే విద్య కూడా నిజమే. రీసెట్ నొక్కినా మారియో తన మెమరీ మొత్తం తుడవదు. అత్యధిక స్కోరు అంకెలు, ఒక గుర్తు బైట్ సరిగా ఉంటే పాత సమాచారం నమ్ముతుంది. మధ్యలో టెన్నిస్ క్యాసెట్ పెట్టి ఆడితే, ఆ ఆట తన పనికి వాడుకున్న అంకె మారియో వరల్డ్ నంబరు చోట మిగులుతుంది. తర్వాత మారియో పెట్టి, ఎ పట్టుకుని స్టార్ట్ నొక్కితే ఆ నంబరు వరల్డ్ తెరుచుకుంటుంది. బైట్ కాబట్టి 256 రకాల వరల్డ్‌లు, చాలావరకు ఆడలేనివే. కరెంటు ఉండగా క్యాసెట్ లాగితే చిప్పులు కాలే ప్రమాదముంది. సరదా తీర్చుకోవాలంటే ఎమ్యులేటర్‌లో ఆ బైట్ మార్చి చూడడం క్షేమం.

మోసమా, నైపుణ్యమా, సరిచేయాలా, వదిలేయాలా

ఆటను వీలైనంత వేగంగా ముగించే స్పీడ్‌రన్ వాళ్ళు ఈ గొడవను విభాగాలతో తీర్చుకున్నారు. ఏ దారైనా సరేననే విభాగం ఒకటి, గ్లిచ్ లేకుండా ఆడాలనేది ఇంకొకటి. గ్లిచ్ వాడడం మోసమనేవాళ్ళ మాటలో బలం ఉంది: 1990 నాటి సూపర్ మారియో వరల్డ్‌లో మెమరీలో తగిన అంకెలు అమర్చి, ఆటను నేరుగా ముగింపు పేర్ల దగ్గరికి దూకించొచ్చు. అందులో ఆడేది ఏముందని వాళ్ళ ప్రశ్న. ఒక్క ఫ్రేము, ఒక్క చుక్క తేడా లేకుండా చేయి కదపడం కంటే పెద్ద ఆట ఏదని అవతలివాళ్ళ జవాబు. రెండు విభాగాలు ఉన్నంతకాలం ఎవరూ ఓడిపోవాల్సిన పని లేదు. విభాగం చెప్పకుండా రికార్డు చెప్పేవాడి దగ్గరే తకరారు.

బొమ్మల విషయంలో వాదం ఇంకా చిక్కు. ఎమ్యులేటర్‌లో గీతకు 8 స్ప్రైట్‌ల హద్దు తీసేసి మినుకు పోగొట్టొచ్చు. కళ్ళకు హాయిగానే ఉంటుంది. అయితే కొన్ని ఆటలు ఆ హద్దునే పరదాగా వాడుకున్నాయి: కనబడని స్ప్రైట్‌లతో గీతను నింపి, వెనుక ఉన్నదాన్ని దాచాయి. హద్దు తీస్తే దాచినదంతా బయటపడుతుంది.

1991 నాటి సోనిక్ మొదటి స్టేజీలో జలపాతాలు నిలువు చారలుగా గీసి ఉంటాయి. పసుపు పిన్ను వైరుతో పాత టీవీకి కలిపితే పక్కపక్క చారలు ఒకదానిలోకి ఒకటి కలిసిపోయి, నీళ్ళ వెనుక కొండ లీలగా కనబడుతుంది. హెచ్‌డీఎంఐలో అవి దువ్వెన పళ్ళలాంటి చారలే. అక్కడ పాడైందేమీ లేదు, గీసినవాళ్ళు గీసింది ఆ చారలనే. ఎమ్యులేటర్ సెట్టింగుల్లో పాత వైరునూ పాత టీవీనీ అనుకరించే కాంపోజిట్ అనో, ఎన్‌టీఎస్‌సీ అనో ఫిల్టర్ ఉంటే అది పెట్టి జలపాతం దగ్గర నిలబడి చూడండి. అదే ఫిల్టర్‌తో స్కోరు అంకెలు మసకబారతాయి, పాత వైరులోనూ అవి అట్లాగే ఉండేవి.